దేవదానం దిగిరాని ఇంజను

అబుదాబి దగ్గర మఫ్రఖ్ కార్మికుల క్యాంపులో దేవదానం అనగానే ఎవరికైనా ముందు ఆయన కోపమే గుర్తొచ్చేది. మెస్సులో పప్పు నీళ్ళలా ఉంటే గిన్నె తీసుకెళ్ళి కాంట్రాక్టరు బల్ల మీద పెట్టేవాడు. బస్సులో ఏసీ పనిచేయకపోతే తాను ఎక్కేవాడు కాదు, ఇంకొకళ్ళని ఎక్కనిచ్చేవాడూ కాదు. "ముసలాయనకి బీపీ" అని కుర్రాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నిజానికి ఆయనకి యాభై మూడేళ్ళే. 2023 జూన్‌లో వచ్చిన కోపం చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆయనది నిడదవోలు దగ్గర ఊరు. విశాఖపట్నంలో రైలు డీజిల్ ఇంజన్లు బాగుచేసే చోట పదకొండేళ్ళు కాంట్రాక్టు ఫిట్టరుగా పనిచేశాడు. పర్మనెంటు చేస్తామని ఏటా చెప్పారు, పన్నెండో ఏడు ఇక రావద్దన్నారు. 2008లో దుబాయ్ దారి పట్టాడు. జనరేటర్లు, క్రేన్లు, కంప్రెసర్లు, ఏది ఇస్తే అది విప్పి బిగించాడు. భార్య అచ్చాయమ్మ కూడా తర్వాత వచ్చి, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక అరబ్బు ఇంట్లో వంటకి కుదిరింది. మొగుడూ పెళ్ళాల మధ్య అరగంట దూరం, అయినా కలిసేది ఆదివారం చర్చిలోనే.

2022 ఫిబ్రవరిలో ఆయన కంపెనీ ఇంగ్లండు నుంచి ఒక పాత షంటింగు ఇంజను తెప్పించింది. ఆ కంపెనీ రైలు పట్టాల కింద పరిచే కాంక్రీటు స్లీపర్లు పోసేది. సొంత యార్డులో రెండు కిలోమీటర్ల పట్టాలు వేసుకుంది, వ్యాగన్లు అటూ ఇటూ తొయ్యడానికి ఇంజను కావాలి. ఇంగ్లండులో కారుచౌకగా వస్తుందని విని ఓడలో దింపేశారు. యార్డు మేనేజరు వీరరాఘవరావు విజయవాడ మనిషి. క్యాంపులో అందరూ ఆయన్ని అరబ్బీలో ముదీర్, అంటే మేనేజరు, అనే పిలిచేవాళ్ళు. ఆయన దేవదానాన్ని పిలిచి, "నీకు రైలింజన్లు తెలుసుగా, ఇది నీది" అన్నాడు.

పద్నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ రైలింజను. దేవదానం దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఆరు చక్రాలు, వాటిని కలుపుతూ బయట ఇనుప కడ్డీలు, ముందుకు పొడుగాటి ముక్కు, వెనక చిన్న క్యాబు. దాదాపు యాభై టన్నులు. దాంతోపాటు లావుపాటి ఫైలు కూడా వచ్చింది. పదో తరగతి ఇంగ్లీషుతో, తెలియని మాట తెలిసినవాళ్ళని అడుగుతూ, రెండు నెలల్లో ఆ ఫైలంతా చదివాడు.

ఆ ఇంజను సున్నా ఎనిమిది అనే తరగతిది. బొగ్గు ఇంజన్లతో యార్డు పని చేయించడం ఖర్చని ఇంగ్లీషువాళ్ళు 1952లో ఈ డీజిల్ రకాన్ని మొదలుపెట్టి, పదేళ్ళలో వెయ్యికి నాలుగు తక్కువగా తయారుచేశారు. ఆరు సిలిండర్ల ఇంజను, మూడువందల యాభై గుర్రాల బలం. పరుగెత్తమంటే సైకిలు కంటే కాస్త ఎక్కువ, లాగమంటే మాత్రం గోడనైనా లాగుతుంది. ఆ దేశంలో ఇది తిరగని పెద్ద యార్డు లేదు. సరుకు రైళ్ళు తగ్గాక వందలు తుక్కయ్యాయి, కొన్ని ఫ్యాక్టరీలకు పోయాయి, కొన్ని సముద్రం దాటాయి. మఫ్రఖ్‌కి వచ్చినది 1958లో పుట్టింది. ఏ నెలలో చక్రాలు మార్చారో, ఏ ఫిట్టరు ఏ బేరింగు వేశాడో, అన్నీ ఆ ఫైల్లో ఉన్నాయి, కింద సంతకాలతో సహా. దేవదానం కూడా అదే పద్ధతిలో తన పనులు రాసి సంతకం పెట్టడం మొదలుపెట్టాడు. తన పేరు రాసుకోనిచ్చిన పని ఆయనకి అదివరకు ఎక్కడా దొరకలేదు.

ఆ ఇంజనుకి ఎండ పడలేదు. చల్లటి దేశపు రబ్బరు నలభై ఎనిమిది డిగ్రీలకి పెళుసెక్కింది. 2023 మే చివర్లో బ్రేకు సిలిండరు సీలు పగిలి గాలి కారడం మొదలైంది. బ్రేకు వేస్తే పడుతుంది, కాసేపటికి దానంతటదే వదిలేస్తుంది. కొత్త సీలు ఇంగ్లండు నుంచి రావాలి. దేవదానం ఇండెంటు పెట్టాడు. జూన్ పదకొండున ఫైల్లో రాశాడు: "బ్రేకు నిలవడం లేదు. సీలు వచ్చేవరకు బండి కదపరాదు." సంతకం పెట్టాడు.

పద్నాలుగున కొనుగోలుదారులు యార్డు చూడటానికి వస్తున్నారు. ఇంజను నడుస్తూ కనిపించాలి. పదమూడు సాయంత్రం మేనేజరు రావు దేవదానాన్ని పిలిచి, "దుబాయ్ సోనాపూర్‌లో మన జనరేటరు ఆగిపోయింది, రేపు పొద్దున్నే వెళ్ళు" అన్నాడు. దేవదానం వెళ్ళాడు. అక్కడ జనరేటరు బాగానే ఉంది. ఎందుకు పంపారో అర్థమై ఒళ్ళు మండింది. ఇంజను డ్రైవరు నూర్ మొహమ్మద్‌కి ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

అప్పటికే అయిపోయింది. వ్యాగన్లు తగిలించే యాసీన్, జగిత్యాల మనిషి, ముప్పై నాలుగేళ్ళవాడు, ఆగి ఉన్న ఇంజనుకీ వ్యాగనుకీ మధ్య దిగాడు. నూర్ మొహమ్మద్ బ్రేకు వేసే ఉంచాడు. గాలి కారిపోయింది. ఇంజను మెల్లగా, నడిచే మనిషి కన్నా మెల్లగా కదిలింది. యాసీన్ ఎడమ కాలు మోకాలి కింద నలిగిపోయింది. ఆసుపత్రిలో తీసేశారు.

నాలుగో రోజు రావు దేవదానాన్ని ఆఫీసుకి పిలిచాడు. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది.

"సంతకం పెట్టు."

దేవదానం నిలబడే చదివాడు. ఫిట్టరు దేవదానం పరీక్షించి బ్రేకు బాగుందని చెప్పినట్టు, యాసీన్ సిగ్నలు ఇవ్వకుండా మధ్యలోకి దిగినట్టు, నూర్ మొహమ్మద్ చూసుకోనట్టు అందులో ఉంది.

"నేను కదపొద్దని రాశాను కదండి. ఫైలు తియ్యండి."

రావు ఫైలు తెరిచి తిప్పాడు. జూన్ పదకొండు పేజీ లేదు. కుట్టు దగ్గర చింపిన అంచు మాత్రం ఉంది.

"ఏ పేజీ దేవదానం? చూడు, విషయం పెద్దది చేయకు. కంపెనీ మూతపడితే మూడొందల మంది రోడ్డు మీద పడతారు. మనవాళ్ళం మనం. నీ సంగతి నేను చూసుకుంటాను."

"మనవాళ్ళం అంటే ఎవరండి?" దేవదానం ఫైలు బల్ల మీదకి తోశాడు. "యాసీన్ ఎవరండి మరి? అరవై ఐదేళ్ళుగా ఈ ఇనుముకి ఏ మేకు కొట్టారో కూడా రాసిపెట్టారు ఆ ఇంగ్లీషోళ్ళు. మనిషి కాలు పోతే ఉన్న ఒక్క పేజీ మీరు చింపేశారు. సిగ్గు లేదా మీకు?"

"మాట జాగ్రత్త! వీసా క్యాన్సిల్ చేయించి రేపే పంపిస్తాను."

"చేయించండి" అని కాగితం నాలుగు ముక్కలు చేసి బల్ల మీదే పెట్టి వచ్చేశాడు.

వీసా వెంటనే రద్దు కాలేదు. రావుకి అంతకంటే తొందరైన పని ఒకటి ఉంది. జూన్ ఇరవై మూడు పొద్దున ఏడింటికి యార్డులోకి తుక్కు లారీ వచ్చింది, గ్యాస్ కట్టర్లతో నలుగురు దిగారు. ఇంజనును ముక్కలు చేయమని ఆర్డరు. ముక్కలైతే ఆ బ్రేకు బాగుందో లేదో ఇక ఎవరూ చెప్పలేరు.

దేవదానం చేతిలో స్పానరు అలాగే పట్టుకుని పరుగెత్తి క్యాబు ఎక్కాడు. లోపల గడియ వేసుకుని కిటికీలోంచి అరిచాడు.

"కోయండ్రా! నాతో కలిపి కోయండి!"

కట్టర్లవాళ్ళు వెనక్కి తగ్గారు. రావు వచ్చి బెదిరించాడు, ఆ తర్వాత బతిమాలాడు, చివరికి సెక్యూరిటీని పిలిచాడు. తొమ్మిదింటికే ఇనుము చెయ్యి పెట్టనివ్వడం లేదు. దేవదానం చొక్కా విప్పి సీటు మీద పరుచుకుని కూర్చుని, ఆసుపత్రిలో ఉన్న యాసీన్‌కి ఫోన్ చేశాడు. వాంగ్మూలం తీసుకున్న పోలీసు అధికారి యాసీన్‌కి తన నంబరు ఇచ్చి వెళ్ళాడు.

"అన్నా, గీ లొల్లిల నువ్వెందుకు పడుతున్నవ్? నిన్ను ఇంటికి తోల్తరు" అన్నాడు యాసీన్.

"తోలనీ. నంబరు చెప్పు."

"నా కాలైతే రాదు గదా అన్నా."

"రాదు. కానీ నీదే తప్పని రాసుకుంటుంటే నేను చూస్తూ ఊరుకోవాలా? చెప్పు నంబరు!"

యాసీన్ చెప్పాడు. అధికారి ఫోనెత్తాడు, వస్తానన్నాడు. ఈలోగా ఎవరో చెబితే అచ్చాయమ్మ ఫోన్ చేసింది. ఏడుస్తుందనుకున్నాడు.

"ఏవయ్యా, తాగడానికి నీళ్ళున్నాయా లోపల?"

"రెండు సీసాలు."

"అయితే దిగమాక" అని పెట్టేసింది.

పోలీసులు వచ్చేసరికి పదకొండు దాటింది. అధికారి స్థానికుడు, హిందీ బాగా మాట్లాడతాడు. రావు అతనికి ఎదురెళ్ళి ఫైలు చూపిస్తూ, ఈ ముసలాయనకి మతి చలించిందని చెబుతున్నాడు. దేవదానం తలుపు తీశాడు. పెదాలు పగిలి ఉన్నాయి.

"సాబ్, మేరీ బాత్ మత్ మానో. ఇన్‌కీ భీ మత్ మానో. గాడీ చాలూ కరో, బ్రేక్ మారో, సూయీ దేఖో." నా మాటా వద్దు, ఆయన మాటా వద్దు, బ్రేకు వేసి ముల్లు చూడమన్నాడు.

అధికారి క్యాబు ఎక్కాడు. ముందు చక్రాలకి చెక్క దిమ్మలు పెట్టించారు. నూర్ మొహమ్మద్‌ని పిలిస్తే, అంతవరకూ దూరంగా నిలబడినవాడు గబగబా వచ్చి ఇంజను స్టార్టు చేశాడు. బ్రేకు వేశాడు. గాలి ముల్లు అరవై దగ్గర నిలిచింది. అధికారి తన ఫోన్లో వీడియో పెట్టాడు. ముల్లు యాభైకి, నలభైకి జారింది. మూడో నిమిషానికి ఇరవై కింద ఉంది. ఇంజను ఒక్కసారి కదిలి దిమ్మలకి తగిలింది. కింద నిలబడ్డ రావు ఉలిక్కిపడి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"చూశారా! చూశారా, ఎంత భయమో!" అని దేవదానం తెలుగులోనే అరిచాడు. అధికారికి అర్థం కాలేదు, యార్డులో సగం మందికి అర్థమైంది.

కేసు ఏడు నెలలు నడిచింది. తప్పు కంపెనీదని తేలింది. నూర్ మొహమ్మద్ మీద, యాసీన్ మీద ఏమీ నిలవలేదు. యాసీన్‌కి నష్టపరిహారం వచ్చింది, కృత్రిమ కాలు పెట్టించుకుని జగిత్యాల వెళ్ళి కిరాణా కొట్టు తెరిచాడు. రావుకి జరిమానా పడింది, ఉద్యోగం పోయింది, మూడు నెలల్లో దగ్గర్లోనే ముసఫ్ఫాలో ఇంకొకటి దొరికింది. దేవదానం ఒప్పందం గడువు తీరగానే కంపెనీ పొడిగించలేదు. సోనాపూర్‌లో వేరే కంపెనీ జనరేటర్ల పనికి తీసుకుంది, జీతం తక్కువకి. అచ్చాయమ్మని కలవడం నెలకొకసారి అయింది.

ఇంజనును 2024లో కోసేశారు. ఇంగ్లండులో రైలింజన్ల పిచ్చివాళ్ళు ఆ తరగతిలో ప్రతి ఇంజనుకీ ఏమైందో జాబితా రాసుకుంటారని దేవదానానికి తెలిసి, ఫోన్లో వెతికించి చూశాడు. ఒక్క వరుస ఉంది: గల్ఫ్‌కి అమ్మారు, అక్కడ తుక్కు చేశారు. వాళ్ళకి తన ఇంగ్లీషులో రెండు పేజీల ఉత్తరం రాశాడు. మర్యాదగా జవాబు వచ్చింది. విచారం తెలిపారు. తాము ఇంజన్ల వివరాలే నమోదు చేస్తామన్నారు. "ఇనుము వివరాలట!" అని క్యాంపులో కనబడ్డ ప్రతివాడి దగ్గరా రెండు రోజులు మండిపడ్డాడు.

పోయిన డిసెంబరులో చర్చి నుంచి అచ్చాయమ్మతో కలిసి మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాడు. బియ్యం సంచుల దగ్గర రావు ఎదురుపడ్డాడు. తప్పుకోలేదు, నవ్వాడు.

"దేవదానం! బాగున్నావా? అయిందేదో అయిపోయింది, మనసులో పెట్టుకోకు. ఆ అబ్బాయి ఎలా ఉన్నాడు, అదే... జమీరేగా అతని పేరు?"

దేవదానం చేతిలో నూనె డబ్బా కింద పెట్టాడు.

"యాసీన్. మీరు టైపు చేసిన కాగితంలో పదకొండుసార్లు ఉంది ఆ పేరు. పదకొండుసార్లూ తప్పు వాడిదేనని రాశారు. ఇప్పుడు గుర్తులేదా?"

రావు చుట్టూ చూసి, "అరవకు, అందరూ చూస్తున్నారు" అన్నాడు.

"చూడనీ" అన్నాడు దేవదానం, ఇంకా గట్టిగా.

అచ్చాయమ్మ ఆపలేదు. రావు సరుకుల బండి అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. దేవదానం తలుపు దాకా వెంట వెళ్ళి, ఆ పేరు ఇంకొకసారి చెప్పి వచ్చాడు.