వాకిట్లో విడిచిన బూట్లు

ఆ రోజుల్లో ఉద్యోగం రావాలంటే చదువుకన్నా ముందు బూట్లుండాలని మేం గట్టిగా నమ్మేవాళ్లం. తొంభైల మొదట్లోని మాట ఇది. జూలూరుపాడు దగ్గరి పల్లె వదిలి కొత్తగూడెం వచ్చి, ఒక మిషన్ బడి వెనక రెండు గదుల్లో ఉండేవాళ్లం. మా నాయన ఆ బడిలో ఊడ్చి తుడిచే పని చేసేవాడు. నేనేమో ఇంటరు పాసై, టైపు నేర్చుకుని, రెండు ఇంటర్వ్యూల్లో నోరు పెగలక తిరిగొచ్చిన ఘనుణ్ని. మూడోదీ పోతే అడవిలో వెదురు లారీలకెక్కించే పనికి వెళ్లక తప్పదని ఇంట్లో తేల్చేశారు. (అప్పుడు నేను ఆ వెదురుకన్నా సన్నగా ఉండేవాణ్ని. లారీవాళ్లు నన్ను కూడా ఎక్కించేసేవాళ్లేమో!)

అంతలో మా బడి హాల్లోనే ఉద్యోగ మేళా అన్నారు. హైదరాబాదు నుంచి మోటార్ల కంపెనీవాళ్లు స్టోరు పనికి మనుషుల్ని తీసుకుంటారట. కబురు అందగానే మా అక్క మొగుడు ఖమ్మం నుంచి దిగాడు. గుమాస్తా కాబట్టి ఆఫీసు మర్యాదలన్నీ తనకే తెలుసని ఆయన నమ్మకం. నాకోసం తన నల్లబూట్లు తెచ్చాడు. అవి నాకు రెండు సైజులు పెద్దవి. ముందు భాగంలో పాత పేపరు కుక్కి, "సగం జాబు బూట్లే తెస్తయ్ బామ్మర్దీ. నేను నేర్పే ఇంగ్లీషు తప్ప నువ్వు నోరిప్పకుంటే మిగతా సగం అదే వస్తది" అన్నాడు.

ఆ సాయంత్రం నాయన నన్ను పక్కకు పిలిచాడు. "రేపు నన్ను ఎరగనట్టే ఉండు బిడ్డా. చీపురు పట్టేటోని కొడుకంటే సార్లు తక్కువగ జూస్తరు" అన్నాడు. నేను కాదనలేదు. అదే నా సిగ్గు. పైకి అయిష్టంగా తల ఊపాను గానీ, లోపల హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు ముసురు పట్టింది. వాకిలంతా ఎర్రబురద. బావ పోరు పడలేక అందరికన్నా ముందు వరసలో నిలబడ్డాను. తలుపులు తీశారు. తెల్లారకముందు నుంచి నాయన తుడిచిన గచ్చు తళతళలాడుతోంది. ఆదివారం ప్రార్థనకు చెప్పులు విడిచి అడుగుపెట్టే హాలది. గడప దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. దూరం నుంచి బావ "పో, పో" అని చేతులూపుతున్నాడు. నేను వంగి బూట్లు విప్పేశాను. పేపరు ఉండ కూడా కాలితో పాటే బయటికొచ్చింది.

"ఏందన్నా, చెప్పులిడ్వాల్నా?" అని వెనకాయన్ని ఎవరో అడిగారు.

"ఏమో, ముందటాయన ఇడ్సిండు!"

ఇక చూడండి, వరస మొత్తం విప్పేసింది. వాకిట్లో కుప్ప పడింది. టీ తాగి వచ్చిన కంపెనీవాళ్లు ఆ కుప్ప చూసి, ఇక్కడి పద్ధతి కాబోలనుకుని, మారు మాట్లాడకుండా తామూ విప్పారు. సూటు వేసుకున్న మేనేజరు గారి మేజోడుకు చిల్లు. బొటనవేలు బయటికి చూస్తోంది. పాపం, ఆయన ఒక పాదం మీద ఇంకో పాదం వేసుకుని కూర్చున్నాడు.

మొదటి పిలుపు నాదే. "ముందు విప్పింది నువ్వేనట. ఎందుకు?" అన్నాడు మేనేజరు. బావ వల్లె వేయించిన ఇంగ్లీషు జవాబుల్లో దీనికొక్కటీ సరిపోలేదు.

"అలవాటు సార్" అని తప్పించుకున్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. చెప్పులు తడవకుండా ఒకాయన జతకు జత వెతికి, చూరు కింద గోడ పొడవునా పేరుస్తున్నాడు. "ఎవరాయన? ఎవరూ చెప్పకుండానే ఎంత బాగా సర్దుతున్నాడు!"

ఎరగనట్టే ఉండమన్న మాట చెవిలో గింగురుమంటోంది.

"మా నాయన సార్. ఈ హాలు తుడిచేది ఆయనే. గింత కష్టపడి తుడిసిండు, బూట్లతోటి తొక్క బుద్ధి గాలే."

మేనేజరు మళ్లీ కిటికీ వైపు తల తిప్పాడు. "స్టోరులో సామాను అలాగే సర్దాలి. వచ్చా నీకు?"

"ఆదివారం చెప్పులు సర్దేది నేనే సార్."

మధ్యాహ్నం జాబితా అంటించారు. అందులో నా పేరుంది! తన బూట్ల మహిమేనని బావ ఊరంతా చాటాడు. (వాటిని గడప కూడా దాటించలేదన్న మాట నేను ఎన్నడూ ఎత్తలేదు. అక్క మొగుడాయె.) నేను హాలు వెనక బకెట్టు కడుగుతున్న నాయన దగ్గరికి పరుగెత్తాను.

"తీసుకున్నరు నాయనా!"

ఆయన మొహం వెలిగింది. వెంటనే గొంతు తగ్గించి, "నేనెవరో చెప్పలే గదా?" అన్నాడు.

"చెప్పిన."

బకెట్టు కింద పెట్టి నా వంక చూశాడు. "చెప్పినంక గూడ తీసుకున్నరా?"

"అవ్ నాయనా."

భుజం మీది తువ్వాలుతో చాలాసేపు మొహం తుడుచుకున్నాడు. ఏడ్చాడో నవ్వాడో ఆ తువ్వాలుకే తెలియాలి. అప్పటినుంచి కనబడిన వాళ్లందరికీ "మావోడు సార్ల ముందట నా పేరు చెప్పిండు" అని చెప్పుకున్నాడు. ఉద్యోగం సంగతి ఆ తర్వాతే. ఆయన అలా చెప్పిన ప్రతిసారీ నేను తల దించుకునేవాణ్ని. వినయం అనుకునేవాళ్లు. మేనేజరు అడక్కపోతే చెప్పేవాణ్నా? నాలోని ఆ వెదురుపుల్ల కుర్రాణ్ని ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతుంటాను. వెధవ, నవ్వుతాడే గానీ జవాబు చెప్పడు.