వినుడు, చెప్పుడు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బ్యాంకులో ముప్ఫైనాలుగేళ్లు పనిచేసి, రిటైరై చైతన్యపురిలో ఇల్లు కట్టుకుని కూర్చున్నా అది దిగలేదు. ఆ కోపంలోనే ఒకసారి మెకానిక్ భిక్షపతిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ మనిషి ఎలాంటివాడో అప్పటికి నాకు తెలియదు. తెలిశాక, ఆయన మా పాటల సెట్టు మీద రాసిన రెండు మాటలు చూసినప్పుడల్లా దండం పెట్టాలనిపిస్తుంది.

భిక్షపతిది నల్లగొండ దగ్గర పల్లె. మైక్‌సెట్ల షాపులో చేరి, పెళ్లిళ్లకూ జాతరలకూ హారన్లు కట్టి, చూసి చూసి పని నేర్చుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో వెనక సందులో ఆరడుగుల రిపేరు కొట్టు. ఊరంతా గాజు బుడ్లు వెలిగే పాత వాల్వు సెట్లను పాత సామాను వాళ్లకు వేసేసినా ఆయన మాత్రం వాటిని వదల్లేదు. “ఎర్రగ వెలుగుతుంటే బతికున్నట్టు ఉంటది సార్” అనేవాడు. చదువు ఏడో తరగతి. ఇంగ్లిష్ అక్షరాలంటే గిట్టదు. బాగుచేసిన ప్రతి సెట్టు మీదా ఆ అక్షరాలు గీకేసి, తెల్ల రంగుతో తన మాటలు తాను రాసుకునేవాడు.

మా ఆవిడ కుసుమకుమారికి వీణంటే ప్రాణం. తాను వాయించేది, అంతకంటే ఎక్కువగా వినేది. 2009లో ఏదో జ్వరానికి వాడిన మందులు పడక వినికిడి మూడొంతులు పోయింది. చెవి మిషన్ పెడితే మాటలు అందేవి కానీ, వీణ పెడితే “రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టుందండీ” అనేది. వినపడాలి కదా అని నేను ఇంట్లో అరిచే మాట్లాడేవాణ్ణి. రెండేళ్లు అలాగే గడిచాయి. ఒకరోజు మేం వీణ రికార్డులు పెట్టుకునే వాల్వు ఆంప్లిఫయర్ సెట్టు మీద పాత దుప్పటి కప్పేసి, “ఇది ఎవరికైనా ఇచ్చేయండి. ఇక వీణ మాట ఎత్తను” అంది. ఏడవలేదు, దానికే నాకు భయమేసింది. ఆవిడ చెవికి అందేలా ఏమైనా చేయగలడేమోనని, ఆఖరి ప్రయత్నంగా సెట్టు భిక్షపతి కొట్టుకు మోసుకెళ్లాను.

వారం తర్వాత తెచ్చుకోవడానికి వెళ్తే ఏదో వివరించబోయాడు. మధ్యాహ్నం నుంచి బంద్, ఆటో దొరకదని నా తొందర నాది. “సర్లేవయ్యా, నాకు తెలియనిదా!” అని ఎత్తుకొచ్చేశాను.

ఇంటికొచ్చి చూస్తే తిప్పే రెండు మీటల కింద రెండు మాటలు: వినుడు, చెప్పుడు. మాది తెనాలి పక్క. మా వైపు చెప్పుడు మాటలంటే చాడీలు. ‘వినుడు’ అని పురాణాల్లో తప్ప ఎక్కడా ఎరగను. పగలబడి నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, వినడానికి వినుడు, ఇందులో తెలియకపోవడానికేముంది? మా ఆవిడకు వినపడదు కాబట్టి వినుడును ఆ చివరికంటా తిప్పాను. చెప్పుడు సగంలో ఉంచి రికార్డు పెట్టాను. అమ్మ బాబోయ్! వీణ కాదు, రంపపు మిల్లు. కుసుమ చెవి మిషన్ పీకేసి లోపలికెళ్లి తలుపేసుకుంది.

పక్కింటి ప్రసన్నకుమార్ ఆ చప్పుడుకు వచ్చాడు. అప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. “ఉద్యమం రోజులండీ! ఆంధ్రావాళ్ల సెట్టని కావాలనే పాడుచేసుంటాడు” అన్నాడు. చాలు, నేను వెంటనే ఫోనెత్తాను. “మేమంటే అంత కక్షేమిటయ్యా నీకు? మా ఆవిడ ఉసురు పోసుకుంటావా?” అని అరిచాను. “రేపొచ్చి చూస్త సార్. అమ్మను గూడ కూసోమనుండ్రి” అన్నాడంతే.

మర్నాడు బస్సుల్లేవు. హయత్‌నగర్‌లో తన ఇంటి నుంచి భుజాన సంచీతో నడిచే వచ్చాడు. అంతకుముందు రోజే ఎల్‌బీనగర్ చౌరస్తాలో ఉద్యమ సభకు మైకులు కట్టాడట, గొంతు బొంగురుపోయింది. నా వంక చూడకుండా తిన్నగా సెట్టు దగ్గరికెళ్లాడు.

“వినుడు గింత ఎవరు పెట్టిన్రు?”

“నేనే. మా ఆవిడకు వినపడొద్దూ?”

భిక్షపతి నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత ఫక్కున నవ్వాడు. “అయ్యో సార్! వినుడు అమ్మది గాదు, సెట్టుది! రికార్డు నుంచి వచ్చేది సెట్టు ఎంత వింటదో గది వినుడు. మనకెంత చెప్తదో గది చెప్పుడు. వినుడు ఎక్కువైతే సౌండు లోపల్నే పగుల్తది. ఇగ చెప్పుడు ఎంత తగ్గించినా పగిలిందే చెప్తది.”

నాకు తల కొట్టేసినట్టయింది. మా వైపు అర్థంలో చెప్పుడు మాటలు విన్నది నేనే.

రెండు మీటలూ సున్నాకు తెచ్చాడు. రికార్డులో అన్నిటికంటే గట్టిగా మోగే చోటు కుసుమను అడిగి, ముల్లు అక్కడ పెట్టించాడు. చెప్పుడు కొంచెం తెరిచి, వినుడును కళ్లు మూసుకుని వెంట్రుకవాసి చొప్పున పెంచాడు. “గీడ పగిలింది” అన్నాడు. ఒట్టు, నాకేమీ తేడా తెలియలేదు! అక్కణ్ణుంచి రెండు గీతలు వెనక్కి తిప్పి వదిలేశాడు.

“అమ్మా, చెవి మిషన్ గూడ జర తగ్గించుండ్రి. ఇగ చెప్పుడు మీరే తిప్పుండ్రి.”

కుసుమ మెల్లగా తిప్పింది. ఆయన సెట్టు వైపు చూడలేదు, ఆవిడ మొహమే చూస్తున్నాడు. ఒకచోట ఆవిడ వేళ్లు ఆగాయి.

“గోరు...” అంది. “తీగ మీద గోరు తగలడం వినపడుతోందండీ.”

అంత పెద్ద చప్పుడులో అందని వీణ ఇంత చిన్న చప్పుడులో అందింది! ఆవిడ ఎడమ చేతి వేళ్లు చీర కుచ్చిళ్ల మీద వీణ మెట్లు నొక్కుతున్నాయి, రెండేళ్ల తర్వాత.

“భిక్షపతీ, నిన్న ఫోన్లో నేను...” అని మొదలుపెట్టాను.

“జర బాధైంది సార్, అబద్ధమెందుకు” అన్నాడు సంచీ సర్దుకుంటూ. “గానీ సభలైనా, మీ ఇల్లైనా నాకొక్కటే పని. ఎవరి గొంతూ పగలొద్దు.”

ఆయనకు కాఫీ అయినా ఇద్దామని వెనక్కి తిరిగి, అలవాటు ప్రకారం, “కుసుమా! కాఫీ పెట్టూ!” అని కేకేశాను. ఆవిడ ఉలిక్కిపడి చెవి పట్టుకుంది. భిక్షపతి నా భుజం మీద చెయ్యి వేశాడు.

“సార్, గట్ల ఒర్లితే మాట అమ్మ చెవి లోపల్నే పగుల్తది.”

రెండేళ్లుగా నేను చేస్తున్నది అదేనన్నమాట. ఆవిడ ఎదురుగా వెళ్లి కూర్చుని, “కుసుమా” అన్నాను, మామూలు గొంతుతో.

“ఆఁ, వింటున్నానండీ, చెప్పండి” అంది.