ఆషాఢం చివరి రోజు, ఆఫరు చివరి రోజు

ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద వస్తువు మా ఇంటిపేరే. మిగతావన్నీ దానికన్నా చిన్నవి, అందులో మేం అద్దెకుంటున్న ఇల్లు మరీ చిన్నది. చందుర్తి దగ్గరి మా ఊళ్లో మా తాతల గడి, అంటే దొరల బంగళా, నిలబడి ఉన్నప్పుడు ఒక పెళ్లిబృందం మొత్తం దిగినా ఇంకా గదులు మిగిలేవట. (అట అని ఎందుకంటున్నానంటే, నేను పుట్టేసరికే ఆ గదుల తలుపులు అమ్ముడుపోయాయి. గోడల మధ్య ఇప్పుడెవరో మక్కలు ఆరబోస్తున్నారు.) నాకు ఊహ తెలిసేసరికి మేం జగిత్యాలలో రెండు అర్రల వాటాలో ఉన్నాం. ఈ కథ జరిగేనాటికి నేనొక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్ని. ఇస్త్రీ మడత నలగని చొక్కాతో, వెన్ను వంచకుండా సైకిల్ తొక్కేవాణ్ని. వెనక పిల్లలు నవ్వేవారని తెలుసు. నవ్వనీయండి, సైకిల్ మీద కూడా నిటారుగా కూర్చోవచ్చని వాళ్లకు ఇంకెవరు చూపిస్తారు?

ఆ యేడు వేసవిలో మా చెల్లె పెళ్లి అయింది. కోరుట్లలో బోరు మోటార్ల రిపేరు షాపు నడిపే అబ్బాయిని తనే ఇష్టపడి చేసుకుంది. ఆ అబ్బాయి తాత మా ఊళ్లోనే తాళ్లెక్కి కల్లు గీసినాయన. ఆ తాళ్లు మా తాతవి. ఇప్పుడు తాళ్లూ లేవు, తాతలూ లేరు. అయినా ఊళ్లో వాళ్లకు ఈ లెక్క మాత్రం మరుపు రాలేదు. ఆషాఢం రాగానే ఆనవాయితీ ప్రకారం చెల్లె పుట్టింటికి వచ్చింది. మాసం అయిపోయాక బావ వచ్చి తీసుకుపోవాలి. వచ్చిన అల్లుణ్ణి ఒక రాత్రయినా ఉంచుకుని, కొత్త బట్టలు పెట్టి, కడుపునిండా తినిపించి పంపాలి. చిక్కంతా అక్కడే ఉంది. ఒక అర్రలో అమ్మ, బాపమ్మ, చెల్లె పడుకునేవారు. రెండోది వంటకు, నాకు. రమ్మంటే అల్లుణ్ణి గ్యాసు సిలిండరు పక్కన పడుకోబెట్టాలి. రావద్దంటే, దొరలు గీసేటోళ్ల పిల్లగాడికి గడప లోపల జాగ ఇయ్యలేదని కోరుట్ల అంతా అనుకుంటుంది, ఆ మాట చెల్లె అత్తగారింట్లో జీవితాంతం వింటుంది. లేమిని చూపించుకోవాలి, లేదా పొగరని అనిపించుకోవాలి. నాకు రెండూ నచ్చలేదు.

అప్పుడు నా ఫోన్లో ఒక ప్రకటన వచ్చింది. హైదరాబాదు అవతల ఒక పెద్ద థీమ్ పార్కు, దాని లోపలే హోటలు. వానాకాలం ఆఫరు కింద గది సగం ధరకే, పార్కు టికెట్లు, టిఫిను అందులోనే. అల్లుణ్ణి అక్కడ దించితే మర్యాదకు మర్యాద, మా వంటిల్లూ ఎవరికంటా పడదు. మా ఇంట్లో బేరమాడే అలవాటు లేదు కదా, మరి డిస్కౌంటు ఎట్లా పుచ్చుకున్నావని అడుగుతారేమో. నేను అడగలేదు. వాళ్లే ఇస్తామన్నారు. చెయ్యి చాపడం వేరు, ఇచ్చినదాన్ని నిలబడి తీసుకోవడం వేరు. పైగా పూర్తి ధర పక్కన నా నెల జీతాన్ని నిలబెడితే జీతం తలదించుకునేది, మా ఇంట్లో తలదించుకునే అలవాటు కూడా లేదు.

కానీ ఆఫరుకు షరతులున్నాయి. ముందుగానే డబ్బు కట్టి గది తీసుకోవాలి. శని ఆదివారాలు పనికిరావు. ఒక్క రాత్రికి ఇవ్వరు, వరసగా కనీసం రెండు రాత్రులు ఉండాలి. అన్నిటికీ మించి, దిగడం ఫలానా తేదీలోగా జరగాలి. ఆ ఫలానా తేదీ సరిగ్గా ఆషాఢ అమావాస్య. జనం తిరగని కాలం చూసి ఆఫరు పెట్టారు వాళ్లు. జనం ఎందుకు తిరగరో వాళ్లకు మా బాపమ్మ చెప్పి ఉండాల్సింది.

"మొదటి రాత్రి ఆషాఢంల పడ్తది కదరా కొడుకా. అల్లుడు పిల్ల దగ్గరికి ఎట్లొస్తడు?"

"అల్లుడు తెల్లారి వస్తడు బాపమ్మా, శ్రావణంల. మొదటి రాత్రి నువ్వు, నేను, చెల్లె ఉందం. గదిల ముగ్గురు ఉండొచ్చట. తెల్లారి ఆయన రాంగనే మనిద్దరం బస్సెక్కుదం."

"మరి అమాస పూట గడప దాటుతవా?"

దీనికి ఉపాయం కూడా ఆమె దగ్గరే ఉంది. ముందురోజు మంచి గడియ చూసి మా బట్టల సంచిని ఎదురింట్లో పెట్టించింది. పరస్థానం పెట్టడమంటే అదే. సంచి గడప దాటిందంటే మనిషి బయలుదేరినట్టే లెక్క, ఇక అమావాస్యకు అభ్యంతరం చెప్పే హక్కు లేదు. మర్నాడు ఎదురింట్లోంచి సంచి తీసుకుని, అల్లుడికని సిరిసిల్ల నుంచి తెప్పించిన పంచెల జతను బాపమ్మ ఒళ్లో పెట్టుకుని, ముగ్గురం బస్సెక్కాం. అమ్మ రాలేదు. అత్తా అల్లుడూ ఆషాఢంలో ఒక గడప దాటకూడదన్న పట్టింపు ఆమెది. ఎందుకైనా మంచిదని శ్రావణం మొదటి రోజును కూడా ఆషాఢంలోనే కలిపేసింది.

మొదటి రోజు బాగానే గడిచింది. చిటపట చినుకుల్లో పార్కంతా తిరిగాం. చెల్లె జెయింట్ వీలు ఎక్కుదామంటే బాపమ్మ ఒప్పుకోలేదు. "మీదికెల్లి జనాన్ని చూసుడు మనకు కొత్తనా బిడ్డా? ఎక్కనోళ్లు ఎక్కనీ" అంది. గదిలో మంచం చూసి, గడిలో మా ముత్తవ్వ మంచం దీనికన్నా ఎత్తుండేదని చెప్పింది. పడుకున్నాక ఆ మాట మళ్లీ అనలేదు.

తెల్లారి కోరుట్ల బస్సు దిగి బావ వచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా, గోళ్లలో మోటారు గ్రీసు. బాపమ్మ కాళ్లకు మొక్కాడు. ఆమె పంచెల జత చేతిలో పెట్టింది. నేను కౌంటరు దగ్గరికి పోయి, మేమిద్దరం పోతున్నాం, గది మా చెల్లెకూ బావకూ రాయండని చెప్పాను. కౌంటరులోని అమ్మాయి కంప్యూటరు చూసి మర్యాదగానే చెప్పింది.

"బుకింగ్ మీ పేరు మీదుంది సార్. బుక్ చేసిన వ్యక్తి రెండు రాత్రులూ ఇక్కడే ఉండాలి. మీరు ఇవాళ వెళ్లిపోతే మినిమం స్టే పోయినట్టే. రెండు రోజులకూ పూర్తి ధర పడుతుంది."

షరతులు చదవలేదా అని అడగకండి. చదివాను. వ్యక్తి అన్నచోట మా కుటుంబం అనుకున్నాను. మా ఇంట్లో ఒకరి పేరు మీద వచ్చింది అందరూ తినడమే తప్ప, వ్యక్తి అంటూ విడిగా ఎవరుండేవారు? తప్పు అలా రాసినవాళ్లది.

"సార్ కూడా ఉండొచ్చు" అంది ఆ అమ్మాయి. "రూమ్‌లో ముగ్గురికి పర్మిషనుంది."

చెల్లె ఎర్రబడ్డ మొహంతో చెప్పుల వైపు చూసింది. బావ గోడ మీది ఏనుగు బొమ్మను పరీక్షగా చూడసాగాడు. అప్పుడు మా బాపమ్మ కౌంటరు మీద మోచెయ్యి ఆనించింది.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"వెల్గటూరమ్మా."

"వెల్గటూరు పిల్లవై ఉండి తెల్వదా నీకు? మావోని సంచి గదిల్నే ఉంచుతం. సంచి ఉన్నదంటే మనిషి ఉన్నట్టే. పరస్థానం ఎరుకనా?"

"మా నాయనమ్మ కూడా పెడ్తదమ్మా" అని ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. ఊరి పేరు రాగానే మాట కూడా ఊరి దారి పట్టింది. "గని కంప్యూటర్ల సంచికి ఎంట్రీ లేదు. సార్ హోటల్ల ఉండాలె."

"హోటల్లోనా, గదిలోనా?" అన్నాను నేను.

"హోటల్లో ఉంటే చాలు సార్."

"అయితే ఉంటాను" అని, లాబీలో తలుపుకు ఎదురుగా ఉన్న సోఫాలో కూర్చున్నాను. బాపమ్మ వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది. బావ నా దగ్గరికి గబగబా వచ్చాడు. (చెల్లెకు అన్నను కనుక ఆయన కూడా నన్ను బావా అనే అంటాడు.)

"బావా, ఇదేంది? పైసలు నేను కడ్త, ఇంకో గది తీసుకుందం."

"నువ్వు కడితే నువ్వు నాకు మర్యాద చేసినట్టయితది. మీదికి పో."

"అన్నా, జిద్దు చెయ్యకు. బాపమ్మ రాత్రంతా గిక్కడ ఎట్ల పంటది?" అంది చెల్లె.

"కొత్త జంట నడుమ ముసల్దానికేం పని? నాకు ఈ సోఫానే మెత్తగున్నది. పో బిడ్డా" అని బాపమ్మ చేత్తో తోలినట్టు చేసింది.

ఆ సాయంత్రం నుంచి ఆ లాబీ మా గడి అయింది. వచ్చేవాళ్లను బాపమ్మ ఏ ఊరని అడిగేది. మల్యాల అవతలి వాళ్లెవరో తగిలితే కొండగట్టు కబుర్లన్నీ చెప్పించుకుంది. నైట్ డ్యూటీ మేనేజరు రెండుసార్లు వచ్చి, "సార్, రూమ్‌కి వెళ్లరా?" అన్నాడు. "బస చేస్తున్నాను. పడుకోవాలని మీ రూల్లో ఉందా?" అన్నాను. మూడోసారి రాలేదు. బాపమ్మ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆమెకు మెలకువ వస్తుందని నేను కదల్లేదు. చూసినవాళ్లు మాత్రం, ఈయనకు ఎంత పొగరు, నిద్రలో కూడా వెన్ను వంచడు అనుకుని ఉంటారు. అనుకోనీయండి, అందులో కొంత నిజమే.

తెల్లవారగానే బావ మెట్లు దిగి వచ్చాడు. నా పక్కనుంచి నడిచి గేటు బయటికి పోయి, కాగితం కప్పుల్లో చాయ్ పట్టుకొచ్చాడు. ఎదురు కుర్చీ ఖాళీగా ఉన్నా దాంట్లో కూర్చోలేదు, సోఫాలోనే నా కుడి పక్కన ఇరుక్కున్నాడు.

"మీ ఇంట్ల జాగ లేదని నాకెరుకే బావా" అన్నాడు చాయ్ ఊదుకుంటూ. "మీ ఓనరు బోర్ల మోటరు దించింది నేనే గదా. నువ్వు కాలేజీకి పోయినవు. మీ చెల్లె మంచినీళ్లు ఇచ్చింది. ఆ రెండు అర్రలు గప్పుడే చూసిన."

"చూస్తే చూసినవ్. మోటరు మెకానిక్కుకు కనపడ్డది వేరు, అల్లునికి చూపించేది వేరు" అన్నాను.

బావ నవ్వలేదు. "నిన్న బస్సెక్కేటప్పుడు మా అమ్మ ఏమన్నదో ఎరుకనా? పైలం కొడుకా, వాళ్లు కుర్చీల కూసొని నిన్ను కింద కూసోబెడ్తరు, మీ తాతను గట్లనే కూసోబెట్టిండ్రు అన్నది." ఒక గుక్క చాయ్ తాగాడు. "నువ్వేమో నన్ను మీద మంచంల పండబెట్టి, ముసలామెను భుజం మీదేసుకొని తెల్లందాక కింద కూసున్నవ్. ఇంటికి పోయినంక అడుగుతది. ఏమని చెప్పాలె?"

అప్పటిదాకా నిద్రపోతోందనుకున్న బాపమ్మ కళ్లు తెరవకుండానే అంది. "సోఫా మెత్తగ ఉండెనని చెప్పు బిడ్డా."

ఇది జరిగి చాలా ఏళ్లయింది. జగిత్యాలలోనే ఇప్పుడు సొంత ఇల్లుంది, డాబా మీద అల్లుడి కోసమని మంచి గది కట్టించాను. ఆషాఢం పోగానే యేటా బావ, చెల్లె వస్తారు. గుమ్మంలోనే బావ అడుగుతాడు, "మినిమం ఎన్ని రాత్రులు బావా?" అని. రెండు, మా ఇంటి రూలు, ఒక్క రాత్రికి ఎవరినీ రానివ్వం అంటాను. చెల్లె పైకి పోయి హాయిగా పడుకుంటుంది. ఆయన మాత్రం పైకి పోడు. నువ్వు కింద ఉంటే నేను మీద పండుకోనంటాడు. నేనూ పోను. హాల్లో చాప మీద ఇద్దరం వాదించుకుంటూనే నిద్రపోతాం. ఈ విషయంలో నేను తగ్గేది లేదని అప్పుడే చెప్పాను, ఇప్పుడూ చెప్తున్నాను.

బాపమ్మ పోయింది. మొన్న ఇంటికి సోఫా కొందామని షాపుకు వెళ్లాను. మెత్తగా ఉందో లేదో కూర్చుని చూడండన్నారు. కూర్చున్నాను. ఎదురుగా అద్దంలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక నెరిసిన జుట్టు పెద్దమనిషి కనిపించాడు. వెన్ను నిటారుగానే ఉంది. ఎడమ భుజం మాత్రం, ఎవరో తల ఆనించబోతున్నట్టు, కొంచెం కిందికి దించి పెట్టాడు.