మెట్లు పోయిన ప్లాన్

ఇవాళ జగ్గయ్యపేటలో మా ప్రింటింగ్ షాపుకి చందర్లపాడు నుంచి ఇంజనీరమ్మ ఒకరు వచ్చారు. మా కంప్యూటర్‌కి పెట్టిన పెన్ డ్రైవ్‌లోనే ఇంటి ప్లాన్ తెరిచి, మెట్లు మార్చి, సేవ్ కొట్టి ఫోనెత్తారు. "మూడింటికల్లా పునాదికి ముగ్గు పోసేద్దాం మేస్త్రీ" అంటున్నారు. సేవ్ అయిపోయిందనుకుని నేను డ్రైవ్ పీకేశాను. మళ్ళీ పెడితే ఫైల్ తెరుచుకోలేదు.

"ఇంకో కాపీ ఉందా అమ్మా?"

"లేదండి."

"మరి ఇదేంటి, అదే పేరుతో బ్యాకప్ ఫైలు?"

"అది సేవ్ కొట్టినప్పుడల్లా దానంతటదే వచ్చే చెత్తండి. రోజూ డిలీట్ చేసేస్తా, ఇవాళ మర్చిపోయా."

దాన్ని నా కంప్యూటర్‌లోకి కాపీ చేసి, పేరులో చివరి అక్షరాలు డ్రాయింగ్ ఫైలువిగా మార్చి తెరిచాను. మెట్ల మార్పు తప్ప ఇల్లంతా వచ్చింది. ఆవిడ కూర్చుని మెట్లు మళ్ళీ గీసి, ప్రింటు తీసుకుని, "మీరు లేకపోతే ఏమైపోయేదాన్నండి" అన్నారు.

పీకింది నేనేనని చెప్పలేకపోయాను. మీరైతే చెప్పేవాళ్ళా?