పెరట్లోకి చూసే గోడ

మా గోడవీధిలో దబ్బనం పిన్నికి కోపం వస్తే సముద్రం రెండడుగులు వెనక్కి జరుగుతుంది. నమ్మకపోతే రేవులో పడవల వాళ్లని అడగండి. వాళ్లూ నమ్మరు గానీ, కాదని మాత్రం అనరు. పిన్ని చెవిన పడుతుందని భయం.

ఆమె పని టార్పాలిన్లు కుట్టడం. లారీల మీద కప్పేవి, పడవల మీద కప్పేవి, వాన పడితే సంత మొత్తం కప్పేసేవి. మిషన్ మీద కాదు, చేత్తోనే. కుడిచేతికి తోలు పట్టీ కట్టుకుని, మైనం పట్టించిన దారంతో, నా చిటికెన వేలంత దబ్బనంతో కుడుతుంది. ఒకసారి ఆమె కుట్టిన టార్పాలిన్ గాలికి లేచిపోతే దాంతోపాటు లారీ కూడా లేచిందంటారు. కుట్టు మాత్రం ఊడలేదట. పెద్ద బట్ట వచ్చిందంటే సగం ఇంట్లో ఉంటుంది, సగం వీధిలో ఉంటుంది. దాన్ని తొక్కకుండా దూకి వెళ్లడం మా వీధిలో పుట్టిన ప్రతివాడికీ నడక కంటే ముందే వస్తుంది.

ఇక గోడ సంగతి. ఎప్పటి రాజులో శత్రువుల పడవలు రాకుండా ఊరి చుట్టూ కట్టిన కోటగోడ అది. దాని మీద రెండు లారీలు ఎదురెదురుగా వచ్చినా హారన్ కొట్టనక్కర్లేదు, అంత మందం. అటు సముద్రం, ఇటు మా పెరళ్లు. మా తాతలు తెలివైనవాళ్లు. మూడు గోడలు కట్టుకుని, నాలుగో గోడ పుణ్యానికి వచ్చిందని ఇళ్లని కోటకి ఆనించేశారు. పెరట్లో స్నానాల గదికీ అంతే. దానికి పైకప్పు మాత్రం ఎవరూ వెయ్యలేదు. కోటగోడకి ఎప్పుడూ చెమ్మే, కప్పేస్తే నాచు పడుతుంది. పైన ఆకాశం తప్ప చూసేవాళ్లు ఎవరున్నారు? ఆ గోడ మీదకి మేకలు ఎక్కేవి, అప్పుడప్పుడు ప్రేమించుకునేవాళ్లు ఎక్కేవాళ్లు. వాళ్లెవరికీ మా మీద ధ్యాస ఉండేది కాదు.

అలాంటి గోడ మీద జనం నడవడానికి దారి వేస్తామని కోట ఆఫీసు వాళ్లు వచ్చారు. కమ్మీలు, బెంచీలు, టికెట్ కిటికీ, అన్నీ. బడిలో మీటింగు పెట్టి, దారి సముద్రం అంచున వేస్తామన్నాడు ఆఫీసరు. అంతే, మా వీధి వీధంతా లేచింది.

“సముద్రం వైపు నడిచినోళ్లు సముద్రాన్నే చూస్తారు. మా కొట్లెవరు చూస్తారు?”

అందరికంటే పెద్ద గొంతు ఎవరిదనుకున్నారు? పిన్నిదే. తుక్కు టార్పాలిన్‌తో సంచులు కుట్టి వరసగా వేలాడదీస్తే, పైనున్న యాత్రికులు చూసి, పరుగున కిందికి దిగి కొనుక్కుంటారని ఆమె లెక్క. బల్ల గుద్ది మరీ అడిగింది. ఆ దెబ్బకి బల్ల మీది గ్లాసులు గెంతాయి. భోజనం వేళ దాటిపోతున్న ఆఫీసరు, సరే ఇటే వేస్తాం పొండి అన్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం.

మా ఇళ్లకి ముందువైపు మాత్రమే ఉందనుకున్నాం మరి. గోడకి కనిపించేది వెనకవైపు అని ఒక్కరికీ, ఒక్కరంటే ఒక్కరికీ తట్టలేదు.

దారి తెరిచిన రోజు పిన్ని మొహం నిండా సబ్బు పట్టించుకుని ఉంది. పైనుంచి మాటలు వినపడ్డాయి.

“ఇదిగో, ఇటు చూడండి. పాతకాలపు జీవన విధానం!”

కళ్లు తెరిచి చూస్తే పైన వరసగా టోపీలు. టోపీల కింద కళ్లద్దాలు. అందులో ఒకాయన మర్యాదస్తుడు కాబోలు, చెయ్యి కూడా ఊపాడు. పిన్ని చేతిలోని చెంబు విసిరింది. అది గోడ దాటి సముద్రంలో పడిందని ఆమె అంటుంది. అంత ఎత్తు ఎగరడం కష్టమే గానీ, ఆ చెంబు మళ్లీ కనపడలేదన్నది నిజం.

తన సంగతి వరకైతే పిన్ని తిట్లతో సరిపెట్టుకునేదేమో. అసలు చిక్కు కోడలితో వచ్చింది. ఆ పిల్ల రొట్టెల బట్టీలో పనిచేస్తుంది. మధ్యాహ్నానికి తల నుంచి కాళ్ల దాకా పిండితో, చెమటతో ఇంటికొస్తుంది. అప్పుడు నీళ్లు పోసుకోక తప్పదు. సరిగ్గా అప్పుడే గోడ మీద జాతర. ఒకరోజు పైనుంచి ఎవడో ఫోన్ పట్టుకుని వంగాడు. కోడలు ఒంటికి తుండు చుట్టుకుని లోపలికొచ్చి, పెట్టె తీసి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

“అత్తయ్యా, నేను మా అమ్మ దగ్గరికెళ్లిపోతా. అక్కడ ఇల్లు చిన్నదే గానీ, పైకప్పుంది.”

“వెళ్తే మావాడికేం చెప్పమంటావే?”

కొడుకు చేపల పడవ మీద ఎక్కడో నడిసముద్రంలో ఉన్నాడు.

“మీ అమ్మ గోడ మీదోళ్లకి సంచులమ్ముకోవాలని మీటింగులో బల్ల గుద్దిందని చెప్పండి.”

ఆ అత్తాకోడళ్లు ఉప్పుకీ కొట్టుకుంటారు, చీపురుకీ కొట్టుకుంటారు. కానీ ఆ పిల్ల బట్టీ నుంచి రావడం కాస్త ఆలస్యమైతే పిన్ని వీధి మలుపు దాకా నాలుగుసార్లు వెళ్లొస్తుంది. “నాలుగు రోజులాగవే. నీకు కప్పు లేకపోతే నేను దబ్బనమే పట్టను” అంది.

మర్నాటికల్లా స్నానాల గది మీద నీలం టార్పాలిన్ బిగిసింది. ఆ మర్నాటికి కోట ఆఫీసు మనుషులు వచ్చి తాళ్లు కోసేశారు. చారిత్రక గోడకి మేకు కొట్టకూడదట. సరేనని పిన్ని గోడకి తగలకుండా నాలుగు గుంజలు పాతి మళ్లీ కట్టింది. అదీ పీకేశారు. పైనుంచి ఫొటో తీస్తే నీలం రంగు పాడుగా పడుతోందట! మా ఒళ్లు ఫొటోలో పడితే బాగుంటుంది, మా గుడ్డ పడితే పాడవుతుంది.

పిన్ని కోట ఆఫీసు మీద పడింది. తోడుగా నేనూ వెళ్లాను. ఇలాంటివి మళ్లీ మళ్లీ దొరకవు కదా.

“మళ్లీ వచ్చావా అమ్మా?” అన్నాడు ఆఫీసరు.

“రాక? నా పెరట్లో నేను నీళ్లు పోసుకోవాలంటే మీ పర్మిషన్ కావాలంటగా.”

“పోసుకో. ఎవరొద్దన్నారు?”

“పైనుంచి ఊరంతా చూస్తుంటేనా?”

“బట్టలు కట్టుకుని పోసుకో.”

“మీరలాగే పోసుకుంటారా సారూ? చొక్కా ప్యాంటూ వేసుకుని, బూట్లకి కూడా సబ్బు రాసుకుంటారా?”

పక్కనున్న గుమాస్తా నవ్వు దగ్గుగా మార్చేశాడు. ఆఫీసరు మొహం కందగడ్డైపోయింది.

“దారి ఇటువైపే వెయ్యమని బల్ల గుద్దిందెవరు? నేనా? నువ్వు కాదూ?”

ఆ ఒక్క మాటకి పిన్ని గిరుక్కున తిరిగి బయటికి నడిచింది. బయటికొచ్చాక మాత్రం నోరు లేచింది. ఆఫీసర్ని తిట్టింది, గోడని తిట్టింది, గోడ కట్టించిన రాజుని ఏడు తరాలు తిట్టింది, తన నోటిని తానే తిట్టుకుంది. తర్వాత ఉన్నట్టుండి టికెట్ కిటికీ దగ్గర ఆగింది.

“పదవే, మన పరువు పైనుంచెలా కనిపిస్తుందో చూసొద్దాం.”

పుట్టినప్పటి నుంచీ ఆ గోడ నీడలోనే బతికిన మనిషి, దాన్ని ఎక్కడం అదే మొదటిసారి. మెట్లెక్కి మా వీధి మీదుగా నడిచాం. దర్జీ ఆరేసిన బనీన్ల చిల్లులు కనపడ్డాయి. కరెంటు మేస్త్రి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, పన్ను పుచ్చిందేదో కూడా చెప్పగలను. మా ఇంటి దగ్గరకి రాగానే తోమని గిన్నెల కొండ కనపడింది. నేను చప్పున, “అటు చూడు పిన్నీ, ఓడ!” అన్నాను. పిన్ని ఓడని చూడలేదు. తన స్నానాల గది మీదుగా నిలబడిపోయింది. గిన్నెలో సబ్బు, మేకుకి కోడలి తుండు, మూలన బకెట్, కాళ్లు రుద్దుకునే రాయి. అన్నీ అరచేతిలో పెట్టినట్టు.

“సబ్బుకంటుకున్న వెంట్రుక కూడా కనపడుతోందే,” అంది. అంత చిన్న గొంతు పిన్నికి ఉందని నాకప్పటి దాకా తెలీదు.

ముందుకి నడిచింది. గోడ మలుపు తిరిగేచోట, పూర్వం సైన్యాధికారి ఉన్న బంగళా ఉంది. ఇప్పుడది మా ఆఫీసరు గారి నివాసం. అక్కడికి రాగానే గోడ కమ్మీలకి మనిషెత్తు ఆకుపచ్చ తెర! పొడుగునా కట్టేసి, ‘మరమ్మతులు జరుగుతున్నాయి’ అని బోర్డు. చుట్టూ చూశాం. తాపీ లేదు, ఇసుక లేదు, కూలీ లేడు. తెర వెనక బంగళా పెరడు మాత్రం ఉంది.

“ఓరి నీ మరమ్మతు మండా!” అంది పిన్ని.

వేళ్లతో, తాడు దూర్చి కుట్టిన తెర పై అంచు తడిమింది. కుట్టు మీద చూపు పడగానే ఆమె మొహంలో ఒక వెలుగొచ్చింది. దొంగకి తలుపు తీసి కనపడితే వచ్చే వెలుగు అది. “మిషన్ కుట్టు. అదీ గొలుసు కుట్టు. కుట్టినోడికి పనీ రాదు, సిగ్గూ లేదు,” అంటూ ఒక కొస పట్టుకుని లాగింది. దారం సర్రున ఆ చివర దాకా ఊడొచ్చింది. తెర మొత్తం నీరసపడ్డ మనిషిలా కిందికి జారిపోయింది.

కింద పెరట్లో ఆఫీసరు గారు! మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, చొక్కా విప్పేసి, కాళ్లు వేణ్ణీళ్ల తొట్టిలో పెట్టుకుని, పొట్ట మీద పేపరు వేసుకుని కూర్చున్నారు. పక్కనే ఆయన భార్య తలకి రంగు రాసుకుంటోంది.

పిన్ని కమ్మీల మీదకి వంగి గొంతు విప్పింది. లైటుహౌసు దీపం ఆరిపోయిన రోజున ఓడలకి దారి చూపించగల గొంతది.

“రండి బాబూ రండి! పాతకాలపు జీవన విధానం! టికెట్టు కొన్నవాళ్లంతా రండి!”

ఇరవై మంది వచ్చారు. రెండొందలని నేను చాలామందికి చెప్పాను, మీకు మాత్రం నిజం చెబుతున్నా. ఫోన్లు పైకి లేచాయి. భార్య కెవ్వుమని లోపలికి పరిగెత్తింది. ఆఫీసరు లేవబోయి తొట్టిలోనే కూలబడ్డాడు.

“ఏయ్! తెర ఎవరు తీశారు? నిన్ను పోలీసులకి పట్టిస్తా!”

“పట్టించండి సారూ. ఏ తెర తీశాననాలి? మరమ్మతు తెరేనా? ఏం మరమ్మతు, మీ కాళ్లకా?”

జనం గొల్లుమన్నారు. ఆఫీసరు ఛాతీకి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

“అమ్మా, ఆడవాళ్లున్న ఇల్లు ఇది. కాస్త ఆలోచించు!”

ఆ మాటతో పిన్ని నవ్వు ఆగిపోయింది.

“మరి మావేంటి సారూ? మా ఇళ్లలో ఉన్నది మేకలా? నా కోడలు తుండు చుట్టుకుని ఏడుస్తూ పెట్టె సర్దుకుంది. ఫొటోలో నీలం రంగు బాగోలేదని దాని నెత్తి మీది గుడ్డ పీకేయించారు మీరు. మీ ఇంటికేమో ఆకుపచ్చ రంగు బాగుందా?”

పైన ఒకాయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. కింద బంగళా తలుపు సందులోంచి సగం రంగేసిన తల ఒకటి బయటికొచ్చి, “మిగతా ఇళ్లకి తెర లేదా? అందరికీ కట్టించానన్నారు కదా!” అంది. ఆఫీసరు అటు చూడలేదు, ఇటు చూడలేదు, తొట్టిలో నీళ్లు చూశాడు.

“సరే, దాన్ని మళ్లీ కుట్టు,” అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. “ఊళ్లో ఇంత పెద్ద గుడ్డ కుట్టేది నువ్వొక్కదానివే కదా.”

“కుడతా. అది నా పని. ముందు మా వీధి పొడుగునా, తర్వాత మీ ఇల్లు. గుడ్డ పంపించండి.”

సాయంత్రానికల్లా ఆకుపచ్చ గుడ్డ తాన్లు మా వీధిలో దిగాయి. పిన్ని మా ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టింది. ఒకరు మైనం రాసేది, ఒకరు దారం ఎక్కించేది, నేను కబుర్లు చెప్పేది. మా వీధి తెర చకచకా అయిపోయింది. తర్వాత బంగళా తెర పట్టుకుంది. పిన్ని అంత నెమ్మదిగా కుట్టడం నేను జన్మలో చూడలేదు. ఒక కుట్టు వేసి గుక్కెడు నీళ్లు తాగేది, ఇంకో కుట్టు వేసి వాతావరణం గురించి ఆలోచించేది. అన్నాళ్లూ ఆఫీసరు గారి కుటుంబం కిటికీలు మూసుకుని, గొడుగులు పట్టుకుని పెరట్లోకి వెళ్లిందని వాళ్ల పనిమనిషి చెప్పింది.

తెరతో అందరూ సంతోషించారనుకోకండి. బొమ్మల కొట్టాయన, పెరటి వైపు వేలాడదీసిన తన బొమ్మలు పైకి కనపడట్లేదని తెరలో కిటికీ అంత ముక్క కోశాడు. పిన్ని వెళ్లి దాన్ని కుట్టేసి, దబ్బనం చేత్తో పట్టుకునే ఆయన కొట్టు ముందు కాసేపు నిలబడింది. ఆయన మళ్లీ కత్తెర పట్టలేదు.

కోడలు పెట్టె విప్పింది. మొన్న మధ్యాహ్నం ఉప్పు అడిగే వంకన నేను వాళ్లింటికి వెళ్లాను. లోపల కోడలు నీళ్లు పోసుకుంటోంది. బయట పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుని గోడ పైకి గుడ్లురిమి చూస్తోంది.

“అత్తయ్యా, లోపలికి పోండి. ఎండ.”

“తెర కదిలిందే.”

“గాలికి.”

“గాలో, ఎవడో. ఎవడైనా వేలు పెట్టనీ చెప్తా.”

“ఎవరూ లేరు అత్తయ్యా!”

“నువ్వు పోసుకోవే. చెవుల వెనకంతా పిండి, సరిగ్గా రుద్దుకో.”

లోపల చెంబు బకెట్లో మునిగిన చప్పుడైంది. పిన్ని కదల్లేదు.