ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్

డిసెంబరు, రెండో ఆదివారం. పొద్దున్నే కాఫీ గింజలు ఎండబోశాను. రాగులు మరకు పంపాను. దుప్పట్లు రెండు ఉతికాను. పప్పు పొయ్యి మీద ఉండగా మా మరదలి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"వదినా, బేగి రా. ఆయన బండి మీంచి పడిపోనారు."

పడడం మా తమ్ముడి పనిలో వింత కాదు. ఎక్కడ తగిలిందని అడిగాను. మరదలు ఫోన్ పక్కావిడ చేతికిచ్చేసింది. దాంతోనే నాకు తెలిసిపోయింది, తమ్ముడు లేడని.

అరకు వచ్చే టూరిస్టులకు మట్టి దారుల్లో డర్ట్ బైకు నడపడం నేర్పేవాడు వాడు. కాఫీ తోట కింద ఎర్రమట్టి ట్రాక్, దాని చివర గెడ్డ నీళ్ల దాకా దిగే రాళ్ల బాట. ఆ ట్రాక్, కొండ కింద మైదాన ప్రాంతం నుంచి వచ్చిన ఓనరుది. పన్నెండేళ్లు అక్కడే చేశాడు.

బండి ఇచ్చే ముందు మనిషిని ట్రాక్ అంతా నడిపించేవాడు. డబ్బు కట్టింది నడవడానికా అని విసుక్కునేవారు కొందరు. "నడిసినప్పుడు తగలని రాయి బండెక్కితే తగుల్తాది బాబూ" అనేవాడు. మోకాళ్లకు, మోచేతులకు గార్డులు కట్టేవాడు. చెప్పులతో వస్తే బూట్లు తొడిగే దాకా తాళం ఇచ్చేవాడు కాదు. చివర్న గడ్డం కింద హెల్మెట్ పట్టీలోకి రెండు వేళ్లు దూర్చి చూసేవాడు. మూడో వేలు పట్టిందా, మళ్లీ బిగించేవాడు. వైజాగ్ నుంచి వచ్చిన కాలేజీ అబ్బాయి ఒకడు హెల్మెట్ పెట్టుకుంటే జుట్టు పాడైపోద్దన్నాడట. "జుట్టు మల్లీ దువ్వుకోవచ్చు. బుర్ర దువ్వుకోలేవు" అన్నాడట మా వాడు. ఆ సంగతి మా ఇంట్లో అన్నం తింటూ చెప్పి, తన మాటకు తనే నవ్వుకున్నాడు.

భయపడేవాళ్లకు ఒకటే చెప్పేవాడు. "రాయిని సూడకు. రాయినే సూత్తే రాయి మీదకే ఎల్తావు. ఎల్లాల్సిన దారి సూడు."

ఒక పట్టుదల మాత్రం వాడికి ఉండేది. ఒకసారి నేలకు గట్టిగా తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా మళ్లీ ఎవరి తలకూ పెట్టనిచ్చేవాడు కాదు. ఇనుము కోసే రంపంతో నిలువునా రెండు చెక్కలు చేసేవాడు. మూడోది కోసిన రోజు ఓనరు కేకలేశాడు, ఇంకోటి కోస్తే పని ఉండదన్నాడు. అప్పటి నుంచి రంపం పక్కన పెట్టి, పట్టీలు మాత్రం కత్తితో కోసి, హెల్మెట్లను ట్రాక్ షెడ్డు వెనక పారేసేవాడు. ఈ పట్టీల సంగతి వాడు పోయాక మరదలు చెబితేనే నాకు తెలిసింది.

ముందే తెలిసి ఉండాల్సింది.

దీపావళి తర్వాత ట్రాక్ మేనేజరు తొమ్మిది హెల్మెట్లు గోనెసంచిలో మా ఇంటికి తెచ్చాడు. కొత్త ఎర్ర రంగు, వాసన ఇంకా పోలేదు. "అక్కా, పట్టీలు తెగిపోయాయి. గట్టిగా కుట్టి, కుట్టు కనబడకుండా రెక్సిన్ తొడుగు వెయ్యి" అన్నాడు. దబ్బనంతో, నీలం నైలాను దారంతో కుట్టాను. తొమ్మిదీ ఒకే చోట, ఒకే ఏటవాలుగా తెగి ఉన్నాయి. సంతలో వంకాయ తిప్పి తిప్పి చూసే మనిషిని, ఇవి ఎవరు కోశారని అడగలేదు.

వారం తర్వాత తమ్ముడు వచ్చాడు. నన్ను అక్కా అనేవాడు కాదు, అప్పా అనేవాడు. "ఓనరుకి బుద్దొచ్చినాదప్పా. కొత్త హెల్మెట్లు తెచ్చినాడు, ఎర్రవి" అన్నాడు సంతోషంగా. నేను పప్పులో ఉప్పు చూస్తూ ఊఁ అన్నాను.

ఆ డిసెంబరు ఆదివారం నేర్చుకోవడానికి వచ్చిన ఒక అమ్మాయి తలకు ఏ హెల్మెట్టూ సరిపోలేదు. వాడు తన సొంతది ఇచ్చి, ఎర్రది ఒకటి పెట్టుకున్నాడు. గెడ్డ దగ్గర తడిరాయి మీద బండి జారింది. పెద్ద వేగం కూడా లేదని ఆ అమ్మాయే చెప్పింది. రంగు కింద దాగిన పాత పగులు వెంట హెల్మెట్ విచ్చుకుంది. నేను కుట్టిన పట్టీ మాత్రం ఊడలేదు.

మర్నాటికల్లా ఓనరు ఊరంతా చెప్పాడు, కొత్త హెల్మెట్ ఇచ్చినా తాగి నడిపాడని. మా తమ్ముడు జన్మలో చుక్క ముట్టలేదు. ఆ మాటతో మరదలికి, పిల్లకు రావలసిన పరిహారం రాకుండా పోతుంది. తాగుబోతు కూతురన్న పేరు మాత్రం పిల్లకు మిగులుతుంది. నాకు ఏడుపు రాలేదు. ఆ మాట అన్న నోటితోనే అది అబద్ధమనిపించాలని కూర్చున్నాను.

పగిలినది పోలీసుల దగ్గరుంది. మిగతా ఎనిమిదీ షెడ్డు నుంచి మరదలు, నేను మోసుకొచ్చాం. పెద్దకర్మ రోజు ఓనరు తెల్లచొక్కాతో, దండతో వచ్చాడు. భోజనాలకు కూర్చున్న అందరి ముందూ ఒక హెల్మెట్ తెచ్చి, రెక్సిన్ కోసి నీలం దారం చూపించాను.

"ఈ కుట్టు నాదే బాబూ. నా తప్పు ఏటో స్టేషన్లో రాసి ఇచ్చినాను. మీరు కొత్తదంటన్నారు గదా. పెట్టుకోండి. మా తమ్ముడు దిగిన బాటలో గెడ్డ దాకా దిగి రండి. తిరిగొత్తే మీ మాటే నిజం."

"ఇప్పుడు ఇవన్నీ ఎందుకమ్మా?" అన్నాడు.

"పెట్టుకోండి."

చేతిలోకి తీసుకున్నాడు గానీ తల దాకా ఎత్తలేదు. ఎవరూ విస్తరి మీద చెయ్యి కదపలేదు. దాన్ని కింద పెట్టి, "పాతవే. రంగు వేయించాం. అతను తాగలేదు" అన్నాడు. వెనక కూర్చున్నవాళ్లకు వినబడలేదన్నాను. మళ్లీ అన్నాడు. కాగితం మీద రాయించి సంతకం పెట్టించాను.

ఒకటి పోలీసులకని పక్కన పెట్టి, మిగతా ఏడూ అరుగు మీద వరసగా పేర్చాను. తమ్ముడి రంపం అతని చేతికిచ్చాను. "మా వోడ్ని కొయ్యొద్దన్నారు. మీరే కొయ్యండి."

మేనేజరు సాయానికి లేవబోతే మరదలు కూర్చోమంది. రెండు గంటలు పట్టింది. నాలుగోది కోస్తూ మంచినీళ్లు అడిగాడు. ఇవ్వవద్దని నేనే చెప్పాను. ఏడోది రెండు చెక్కలయ్యేసరికి అతని తెల్లచొక్కా ముందు భాగమంతా ఎర్ర పొడి, చెమటకు అంటుకుని. దులుపుకోకుండా అలాగే మెట్లు దిగి వెళ్లాడు.

మా తమ్ముడి పేరు చెడగొట్టి అతను పడ్డ బాకీ, చెల్లు.