రాఘవులు ఒంట్లో సైఫన్

నీళ్ళ సంగతి జవళగేరలో రాఘవులుకి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఈ మాట ఊరివాళ్ళది కాదు, రాఘవులుదే. తండ్రి కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కాలవ కింద వరి వేసిన నాటి నుంచీ అతనికి నీళ్ళతోనే పని. గట్టు తెగ్గొట్టకుండా ఎగువ మడి నీళ్ళు దిగువకి దించాలంటే అతనే రావాలి. పైపు నిండా నీళ్ళు పట్టి, రెండు మూతులూ మూసి, గట్టు మీదుగా వేసి వదిలాడంటే మోటారూ కరెంటూ లేకుండా ధార కడుతుంది. అందుకు అతనికి కాస్త పొగరుందనుకోండి, ఉండనివ్వండి.

అలాంటివాడు ఈసారి నాట్లలో మాటిమాటికీ చాటుకు పరిగెత్తాల్సి వచ్చింది. ఆడకూలీలు ముసిముసిగా నవ్వుతుంటే తల కొట్టేసినట్టయింది. పరీక్ష చేసి షుగరన్నారు, మాత్రలిచ్చారు. మాత్రలు మింగితే రాఘవులెలా అవుతాడు? పైన తూము మూస్తే కింద పారుదల ఆగుతుంది కదా అని నీళ్ళు తాగడం మానేశాడు!

"నాలిక పిడచకట్టుకుపోతోందండీ, గుక్కెడైనా తాగండి" అని భార్య వెంకటసుబ్బమ్మ బతిమాలింది.

"నీళ్ళ గురించి నాకు చెప్తావేంటే!" అని కసిరాడు. ఒళ్ళు చిక్కి సగమైంది. చివరికి ఓ మిట్టమధ్యాహ్నం గట్టు మీదే కళ్ళు తిరిగి పడ్డాడు.

సింధనూరు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి లేపిన డాక్టరు నేత్రది రాయచూరు పాత తెలుగు కుటుంబం. వెంకటసుబ్బమ్మ నోట సంగతంతా, పైపుల గొప్పతో సహా విని, నెత్తి కొట్టుకుంది.

"ఏంది పెద్దయ్యా, నీళ్లే బంద్ పెట్టిన్రా? డయాబెటిస్ అంటే ఏందో ఎరుకేనా? గ్రీకుల మాట అది. సైఫన్ అని అర్థం. మీరు గట్టు మీదకెల్లి ఏసే పైపే. తాగిన నీళ్లు నిల్వకుండ ఎల్లిపోతయని గా పేరు పెట్టిన్రు."

రాఘవులు మొహం వెలిగింది. తన విద్య గ్రీకు దేశంలో కూడా ఉందన్నమాట.

"మరి ఎగువ మడిల పైపు ఏసి మర్చిపోతే ఏమైతది?" అని అడిగింది నేత్ర.

"మడి ఎండిపోద్ది."

"దానికొచ్చే కాలువ నీళ్లు గూడ కట్టేస్తే?"

"ఇంకా తొందరగా..." అంటూనే ఆగిపోయాడు. ఆ మడి ఏదో అర్థమైంది.

నేత్ర గొంతు తగ్గించింది. "రక్తంల చక్కెర ఎక్కువైతే నీళ్లను గుంజుకపోతది. గా పేరు పెట్టిన కాలపు వైద్యులు, మనిషి కండ కరిగి మూత్రంల పోతదని రాసిన్రు. పాపం, సూసుకుంట కూసున్నరు. వాళ్ల తాన మందు లేకుండె. మీ తాన ఉంది, మీరు మింగలే."

గోడకానుకుని నిలబడ్డ వెంకటసుబ్బమ్మ కళ్ళు తుడుచుకుంటూ సంచిలోంచి మాత్రల రేకు తీసింది. రాఘవులు ఆమెనే చూస్తూ లేచి కూర్చున్నాడు.

"మాత్ర ముందా, నీళ్ళు ముందా? నువ్వు చెప్పవే" అని అడిగాడు.